సర్దుబాటు గడి

చలికాలం, 12వ రోజు

ఈ పుస్తకంలో మూడు గడులే ఉండాలని మా అమ్మమ్మ మొదటి పేజీలో రాసిపెట్టింది. రోజు, పేరు, సర్దుబాటు. అంతకు మించి ఒక్క మాట రాయరాదట. ఆవిడ కాలంలో మాట్లాడుకోవడానికి మనుషులుండేవాళ్లు కాబోలు. నాకు ఉన్నది పెద్దపేట సభ. అందుకని గడులు నింపాక పేజీ అడుగున మిగిలిన జాగాలో నా కడుపుమంట రాసుకుంటాను. ఎవరైనా చదువుతారన్న భయం లేదు. సభలో అందరికీ చదువు వచ్చు, చదివే అలవాటు ఒక్కడికీ లేదు.

పొద్దున పటం మీద పడ్డ మంచుపొడి ఊడుస్తుంటే నేల కదిలింది. పటం అంటే సభామందిరం నేలంతా చెక్కిన లోయ బొమ్మ. మైలుకు ఒక జాన. దాని మీద మూడు ఇనప మేకులుంటాయి. మూడు కొండల మీద నేల చప్పుడు వినే పెట్టెలు ఉన్న చోట్లు అవి. నేల కదిలితే ప్రతి పెట్టె దగ్గరికీ ముందు ఒక చురుకైన కుదుపు, ఆ వెనకాల ఒక బద్ధకపు కుదుపు వస్తాయి. రెంటికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో తీగ మీద నాకు తెలుస్తుంది. సెకనుకు ఐదు మైళ్లు. మూడు సెకన్లయితే పదిహేను మైళ్లు, అంటే మేకుకు కట్టిన తాడు పదిహేను జానలు. తాడు కొసన ముగ్గుపిండి సంచి కట్టి గుండ్రంగా తిప్పుతాను. మూడు మేకుల నుంచి మూడు వలయాలు. అవి ఎక్కడ కలిస్తే అక్కడ చుక్క. పాత పుస్తకాల్లో దాన్ని అధికేంద్రం అన్నారు. సభవాళ్లకు నోరు తిరగక చుక్క చేశారు.

చుక్కకు దగ్గరున్న ఊరి పేరు కుదుపుకు పడుతుంది. పేరు పడ్డ ఊరు తన వేడిబావి నలభై రోజులు మూసుకోవాలి. నేలలోకి నీళ్లు తోసి ఆవిరి లాగే బావులు ఇవి. నేలను మరీ తోస్తే అది కదులుతుందని, కాస్త వదిలేస్తే సర్దుకుంటుందని ఈ లోయలోకి మొదట దిగివచ్చిన తరం వాళ్లు పెట్టిన కట్టుబాటు. తెలివైన కట్టుబాటే. దాన్ని నడిపేవాళ్ల గురించి మాత్రం ఆ మాట అనలేను.

లోయలో ఉన్నవి రెండే ఊళ్లు. మా పెద్దపేటలో రెండు వేల రెండు వందల మంది. సొరంగంలో రెండు మైళ్లు నడిస్తే వెలిచేను, మూడు వందల మంది. నేను పంతొమ్మిదేళ్లుగా తాడు పట్టుకున్నాను. ఈ రోజుతో పదమూడు కుదుపులు. పదమూడుసార్లూ వెలిచేను పేరే.

ఎలాగంటే, వలయాలు ఎప్పుడూ ఒక చుక్క దగ్గర కలవవు. ఒకదాని మీదికి ఒకటి ఎక్కి మధ్యలో ఒక సందు మిగులుతుంది. ఈ రోజు సందు మూడు జానల వెడల్పు. ఆ సందులో చుక్క ఎక్కడ పెట్టాలన్నది సభాధ్యక్షుడు తేలుస్తాడు. దానికే సర్దుబాటు అని పేరు. అధ్యక్షుడు కొడవటి భూషణరావు తన చేతికర్ర సందులో ఓ మూలకు ఆనించి, పటం మీద వెలిచేను వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. నేను "వెలిచేను" అని పలికాను. తాడు పట్టినవాళ్లు పలికిన పేరు వెనక్కి తీసుకోవడం లేదు. అయిపోయింది.

పెద్దపేటలో అలమరాల్లో గిన్నెలన్నీ కింద పడితే వెలిచేనులో చెంబు కూడా దొర్లలేదట. మన ఇళ్లు ఎత్తు కాబట్టి ఎక్కువ ఊగుతాయని భూషణరావు వివరించాడు. సభంతా గంగిరెద్దులా తలాడించింది.

వెలిచేను తరఫున సాక్షిగా వచ్చే ముసలాయన మంచాన పడ్డాడని, వాళ్ల బావి చూసుకునే గొర్లె పైడమ్మ వచ్చింది. చేతుల నిండా బావితాడు లాగి కాసిన కాయలు. అందరూ లేచాక నా దగ్గరికొచ్చి నిలబడింది.

"మాణిక్యమ్మగోరూ, ఈ సందేటండి?"

"తాడు సాగుతుంది. అందువల్ల వచ్చే తేడా" అన్నాను.

"మూడు తాళ్లూ ఒక్కలాగే సాగుతాయేటి?"

బావిలో గొట్టాలు కడిగే మనిషి నాకు తాడు గురించి చెప్పొచ్చింది. పని ఉందని చెప్పి పంపేశాను. సర్దుబాటు: మూడు జానలు.


చలికాలం, 21వ రోజు

ముగ్గురాయి దంచాను. తాళ్లు మైనంలో నానబెట్టాను. కొత్త నార, సాగదు. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ మెచ్చుకోరు కూడా.

భూషణరావు స్నానాల గది కట్టించాడు. సభ పెద్దలకు మోకాళ్ల నొప్పులట. దానికి వేడి చాలక మన బావికి రెండో తోపుడు యంత్రం పెట్టించాడు. ఇదివరకటికి రెట్టింపు నీళ్లు నేలలోకి పోతున్నాయి. ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. పుట్టగొడుగుల పులుసు, నాచు రొట్టె పెట్టి గంటన్నర ఉపన్యాసం ఇచ్చాడు. పులుసు చల్లారిపోయింది. వేడి గురించి అంతసేపు మాట్లాడిన మనిషికి ఆ సంగతి తట్టలేదు.


చలికాలం, 39వ రోజు

మధ్యాహ్నం మళ్లీ కుదుపు. ఈసారి గట్టిగానే. మందిరం పైకప్పు నుంచి సున్నం రాలి పటం మీద పడింది, మళ్లీ ఊడ్చాను.

వలయాలు గీశాను. సందు జానన్నర. నా జన్మలో ఇంత చిన్న సందు రాలేదు. సభ లేచి చప్పట్లు కొట్టింది. "పనిలో శ్రద్ధ పెరిగింది మాణిక్యాంబ గారూ" అన్నాడు భూషణరావు, ఇన్నాళ్లూ నేను కళ్లు మూసుకుని గీసినట్టు. అయినా అబద్ధమెందుకు, లోపల సంతోషం వేసింది. మైనపు తాడు నా ఆలోచనే కదా.

సందు చిన్నదైతే ఆయనకు ఇబ్బంది. చేతికర్రను అంగుళం అంగుళం జరుపుతూ, చివరి మూలకు తోసి, అక్కడి నుంచి కొలిపించాడు. పెద్దపేటకు జానకు పైన ఓ వెంట్రుకవాసి, వెలిచేనుకు జానకు లోపల ఓ వెంట్రుకవాసి. వెలిచేను అని పలికాను.

పైడమ్మ లేచింది.

"మా బాయి పన్నెండో రోజు నుండీ మూసే ఉంది గదండీ. ఇప్పటికి ఇరవయ్యేడు రోజులు. చుక్క నీరు తొయ్యనేదు. మూసీసిన బాయి నేలనెలగ కదుపుతాది?"

భూషణరావు "అది పాత తప్పు తాలూకు మిగులు" అన్నాడు. తప్పుకు మిగులేమిటో ఆయనకే తెలియాలి. ఆ మాట అందరికీ నచ్చింది. వెలిచేను బావికి ఈ రోజు నుంచి మళ్లీ నలభై రోజులు మూత.

ఆవిడ వెళ్తూ వెళ్తూ పటం వైపు కాకుండా నా వైపు చూసింది. నాకెందుకో ఒళ్లు మండింది. సర్దుబాటు: జానన్నర.


చలికాలం, 41వ రోజు

నిదానంగా రాయాలి.

నేను పటం తుడుస్తుండగా పైడమ్మ వచ్చింది. భుజాన బావితాడు చుట్ట, దానికి కట్టిన సీసపు గుండు. ఇది సభ జరిగే చోటని, బావి సామాను తేకూడదని చెప్పాను.

"కుంచెంసేపేనండి. మొన్నటి కొలతలకి మూడు తాళ్లూ కట్టి ఇయ్యండి" అంది.

"ఎందుకు?"

"మీ తాడు నేల మీద పడుకుని ఉంటాది. మా తాడు బాయిలోకి దిగుతాది. నానెప్పుడూ లోతే సూస్తాను. నేల మీదేటి జరిగినా నా బుర్ర కిందకే పోతాది."

నవ్వుకుందామని కట్టి ఇచ్చాను. పిచ్చిదాని చేత పిచ్చిపని చేయించి, ఆ ముచ్చట ఈ పుస్తకంలో రాసుకుందామన్నది నా ఉద్దేశం. ఆవిడ మూడు తాళ్ల కొసలూ కలిపి ముడి వేసింది. నేల మీద పెడితే తాళ్లన్నీ వదులుగా పడున్నాయి. ముడి పట్టుకుని పైకెత్తింది. ఎత్తగా ఎత్తగా ఒకచోట మూడూ ఒక్కసారిగా బిగిశాయి. ముడి ఆవిడ నడుము దగ్గర ఆగింది. అటు ఇటు కదిపినా ఏదో ఒక తాడు వదులవుతుంది. మూడూ బిగువుగా నిలిచే చోటు అదొక్కటే.

"నేల్లోకి దించనేం గాబట్టి పైకెత్తినాను. పైనెంతో కిందంతే. కుదుపు పుట్టింది నేల మీద కాదమ్మా, అడుగున. నడుమెత్తంటే నాలుగు జానలు. నాలుగు మైళ్ల కింద" అంది.

అప్పుడు ముడి నుంచి సీసపు గుండు వదిలింది. అది ఊగి ఊగి నిలబడ్డది సరిగ్గా పెద్దపేట గుర్తు మీద.

నేను తాడు లాక్కున్నాను. మళ్లీ నేనే కొలిచాను, నేనే ఎత్తాను. నడుమే. గుండు పెద్దపేట మీదే. పన్నెండో రోజు కొలతలు పుస్తకంలో చూసి కట్టాను. ఆవేళ సందు మూడు జానలు. ముడి నా రొమ్ము దాకా లేచింది, ఆరు జానలు. గుండు మళ్లీ పెద్దపేట మీదే దిగింది.

సందు తాడు సాగడం వల్ల వచ్చింది కాదు. నా శ్రద్ధ వల్ల తగ్గిందీ కాదు. అడుగున ఉన్న చోటుకు పోవాల్సిన తాడును నేను నేల మీద పడుకోబెట్టాను, అది పొడుగెక్కువై పక్క వలయం మీదికి ఎక్కింది. లోతు ఎక్కువైతే సందు పెద్దది. కుదుపు పైకి వస్తున్న కొద్దీ సందు మూసుకుంటుంది. మేమంతా దానికి చప్పట్లు కొట్టాం.

ముగ్గుపిండి డబ్బా అడుగున ఎప్పటిదో పాత కాగితం పరిచి ఉంటుంది. లెక్కల యంత్రం బతికున్న రోజుల్లో అచ్చయినది. రెండు అంకెలు అధికేంద్రానికి. వాటి కింద మూడో అంకె: "నాభి లోతు 6.8". చిన్నప్పుడు అమ్మమ్మను అడిగాను. పటం మీద పెట్టడానికి దానికి చోటు లేదు, అందుకే ఎత్తి రాయడం మానేశాం అంది. నాభి అంటే కుదుపు పుట్టే చోటు. అధికేంద్రం దాని నెత్తిన నేల మీద ఉండే చోటు. పంతొమ్మిదేళ్లు ఆ కాగితం మీదే పిండి పోసుకున్నాను.

"మన బావి అడుగు ఎంత?" అని అడిగాను.

"మీ పెద్దపేట బాయా? మైలున్నర. జానన్నర అనుకోండి, పిక్క ఎత్తు. రొమ్ము నుండి నడుముకొచ్చింది. పిక్క దాకా వొచ్చిందంటే గొట్టం పుటుక్కుమంటాది. తర్వాత ఆ బాయిలో వేడుండదు. ఎప్పటికీ."

రెండు వేల రెండు వందల మంది. ఇంకా నూరు రోజుల పైన చలి ఉంది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే కుట్టుకోవాలనిపిస్తోంది.

"పన్నెండో రోజున అడిగినాను గదమ్మా సందేటని" అంది. తాడు చుట్టుకుంటూ, ఎటో చూస్తూ చెప్పింది. "ముప్ఫయ్యొకటో రోజున మాయమ్మ పోనాది. బాయి మూసీసినాక గొట్టాలు సల్లబడిపోతాయి. దుప్పట్లన్నీ కప్పినాం. తెల్లారి సూస్తే నేదు."

నా మీద నాకు అసహ్యం వేసింది.


చలికాలం, 43వ రోజు

భూషణరావు స్నానాల గదిలో వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అంతా చెప్పాను. పాత కాగితం చూపించాను. చాలా ఓపిగ్గా విన్నాడు. ఆ ఓపిక చూస్తేనే తెలిసింది, ఏదీ చెవికెక్కడం లేదని.

"లోతు రాస్తే పేరు ఎవరికి పడుతుంది?" అన్నాడు.

"పేరు అధికేంద్రాన్ని బట్టే. గుండు దిగిన చోటు. అది పెద్దపేట."

"మరి లోతెందుకు?"

"ఇంకెంత వ్యవధి ఉందో తెలియడానికి."

"చూడండి మాణిక్యాంబ గారూ, మన పటం చదునుగా ఉంటుంది. తాతల నాటి నుంచీ చదునుగానే ఉంది. మీరు తాళ్లు గాల్లో కట్టి దాన్నేదో పందిరిలా చేస్తానంటే సభ ఒప్పుకోదు. పైగా రెండు వేల మందిని చలిలో పెట్టమంటారా? వాళ్లు మూడు వందల మంది. అలవాటు పడ్డవాళ్లు."

"అలవాటు పడలేదు. చచ్చిపోతున్నారు."

"పెద్దవాళ్లు చలికాలంలో పోతూనే ఉంటారు. అన్నట్టు, మొన్నటి మీ పని అందరికీ నచ్చింది. ఈసారి వలయాలు ఇంకా దగ్గరగా వస్తే సన్మానం చేద్దామనుకుంటున్నాం. శాలువా నేయిస్తున్నాను."

నీళ్లలో కాలి వేళ్లు ఆడిస్తూ నవ్వాడు. ఇలాంటి మనిషిని పంతొమ్మిదేళ్లు పట్టుకు వేలాడి, ఆయన గొంతు సవరించుకుంటే చాలు ఊరి పేరు పలికిన నన్ను ఏమనాలి? ఆయనకు తెలివి లేదు. తెలివి ఉందని విర్రవీగిన నాకేం వచ్చింది?


చలికాలం, 58వ రోజు

రెండో గంటకు వచ్చింది. కింద నుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక్కటే దెబ్బ. ఊగడం తక్కువ, అదరడం ఎక్కువ. మందిరం గోడ పైనుంచి కింద దాకా బీట తీసింది. తీగ మీద సెకన్లు రాసుకునేటప్పుడే నాకు అర్థమైంది.

సాక్షులు వచ్చారు, సభ వచ్చింది, ఊళ్లో సగం మంది వచ్చారు. వలయాలు గీశాను. సందు నాలుగు వేళ్లు. పటం మీద మూడు తెల్లటి గీతలు దాదాపు ఒక్కచోటే, పెద్దపేట గుర్తు చుట్టూ. జనం ఒకరి మీద ఒకరు పడి చూశారు. "ఏం పనితనం" అని ఎవరో అన్నారు. చప్పట్లు ఆగలేదు. భూషణరావు మెత్తటి ఎర్ర శాలువా విప్పి నా భుజాల మీద కప్పాడు. మూడు తరాల తాడు సేవ గురించి పది నిమిషాలు మాట్లాడాడు. వెనక గోడ బీటలోంచి మట్టి రాలుతూనే ఉంది, ఆయన మధ్యలో ఆగి భుజం దులుపుకుని మళ్లీ అందుకున్నాడు.

తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు. "అవతలి మేకు తాడు రెండు జానలు వదిలి మళ్లీ గీయండి. చుక్క అటు జరుగుతుంది. ఎవరు చూడొచ్చారు."

శాలువా వెచ్చగా ఉంది. ఆ మాట కూడా రాయాలి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నా చెయ్యి ఆ తాడు వైపు వెళ్లింది. అలవాటు అలాంటిది.

"పైడమ్మా, ఇటు రా" అన్నాను.

ఆవిడ వచ్చి మూడు కొసలూ ముడేసి ఎత్తింది. ముడి మోకాలి దగ్గర ఆగింది. గుండు వదిలితే పెద్దపేట గుర్తు మీద టక్కుమని దిగింది. నేను వంగి ఆవిడ పిక్క మీద చెయ్యి పెట్టాను.

"మన బావి అడుగు ఇక్కడుంది. కుదుపు పుట్టింది ఇక్కడ, మోకాలి దగ్గర. మధ్యలో ఉన్నది అరజాన, అంటే అరమైలు. పన్నెండో రోజున ఇది రొమ్ము ఎత్తున ఉంది. వలయాలు కలిశాయని మీరు చప్పట్లు కొడుతున్నారు. అవి కలిసేది చావు దగ్గరికొచ్చినప్పుడు."

ఎంతమందికి అర్థమైందో చెప్పలేను. ముందు వరసలో ఒకాయన, "అదంతా సరే, పేరెవరిది?" అన్నాడు. వాళ్ల బుర్రలకు అంతే పడుతుంది. పడ్డంత చాలనుకున్నాను. భూషణరావు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దపేట" అని పలికాను.

పలికిన పేరు వెనక్కి లేదు. ఆయన మొహం చూడాలి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాడు. తర్వాత అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఎవరో శాలువా లాగేశారు. కట్టుబాటు మాత్రం కట్టుబాటే, తమకు అనుకూలంగా ఉన్నన్నాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు కిందికి దించలేకపోయారు. నాలుగో గంటకు పెద్దపేట తోపుడు యంత్రాలు రెండూ ఆగిపోయాయి. కొత్త పేరు పడితే పాత మూత తీయాలన్నది కూడా కట్టుబాటే. సాయంత్రానికి వెలిచేను బావి తెరుచుకుంది.

సర్దుబాటు గడి మొదటిసారి ఖాళీగా వదిలాను.


చలికాలం, 66వ రోజు

గోడ గొట్టాలు మంచుగడ్డల్లా ఉన్నాయి. సిరా గడ్డకడితే నోటి ఆవిరి ఊది రాస్తున్నాను. నా తలుపు మీద ఎవరో పేడరంగు బురద కొట్టారు. నిన్న నీళ్లకు వెళ్తే పక్కింటామె బిందె అడ్డం పెట్టి నన్ను తాకకుండా తప్పుకుంది. ఈమెకే గత చలికాలం గిన్నెలు పడిపోతే పోగుచేసి ఇచ్చాను. పోనీలే. వీళ్ల మెప్పు ఎంత విలువైనదో శాలువా కప్పిన రోజే చూశాను.

జనం సొరంగం వెంట వెలిచేనుకు వెళ్లి వెచ్చబడి వస్తున్నారు. రెండు వేల మందికి మూడు వందల మంది ఊరు చాలదు. పైడమ్మ వంతులు పెట్టింది. ముందు పసిపిల్లలు, తల్లులు, తర్వాత ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, ఆఖరున సభ. భూషణరావు కర్ర పట్టుకుని వరుస చివర నిలబడి తానెవరో ఆవిడకు చెబుతున్నాడట. ఆవిడ విని, "అయితే ఆఖరుకి రండి" అందట.

నా పేరు కూడా సభ వరుసలోనే రాసింది. చూడగానే మొహం మాడింది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని ఆలోచిస్తే, ఇంకెక్కడ రాస్తుందనిపించింది.

ఈ ఎనిమిది రోజుల్లో మా వైపు ఎవరూ చలికి పోలేదు. రాసుకోవాల్సిన మాట ఇది.


చలికాలం, 83వ రోజు

పొద్దున కదిలింది. మెల్లగా, ఎక్కడో అడుగున, ఊయల ఊపినట్టు. గిన్నెలు గలగలమన్నాయి, ఒక్కటీ పడలేదు.

వలయాలు గీశాను. కలవలేదు. సందు జానన్నర పైనే ఉంది. చూస్తున్న జనం మొహాలు చిట్లించారు. "పోయినసారి అంత చక్కగా గీశారు, ఇదేం పని?" అన్నాడొకడు. "చలికి చేతులు వంగడం లేదేమో" అన్నాడింకొకడు, జాలిపడుతున్నట్టు. నా పని చెడిందని పదిమంది తిట్టారు. నా జన్మలో అంత సంతోషం ఎరగను, కళ్లనీళ్లు వచ్చాయి. వాళ్లు సిగ్గుపడ్డానని అనుకున్నారు. అనుకోనీ.

పైడమ్మ ముడి ఎత్తింది. "నడుమెత్తు" అంది. నేల సర్దుకుంటోంది. కట్టుబాటు చెప్పినట్టే. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి సరైన బావిని మూశాం కదా.

అందరూ వెళ్లాక ఈ పుస్తకం ఆవిడ ముందు పెట్టాను. నాలుగో గడి గీశాను, లోతు. పాత కొలతలన్నీ మళ్లీ కట్టి చూశాను. పద్నాలుగు కుదుపుల్లో పద్నాలుగూ పెద్దపేటవే. ప్రతి వరుసలో వెలిచేను కొట్టేసి పెద్దపేట అని రాశాను, పక్కన లోతు వేశాను. ఆవిడకు చూపిస్తుంటే లోపల చిన్న గర్వం కూడా కలిగింది. పద్నాలుగు తప్పులు ఒక్క చేత్తో దిద్దానని.

ఆవిడ చదువుకుంటూ పోయి పన్నెండో రోజు దగ్గర వేలు ఆపింది.

"అన్నీ దిద్దీసినావు. బాగుంది. ఈ గడేటి, సర్దుబాటు? మూడు జానలని రాసినావు?"

"అప్పట్లో సందు అంత ఉండేది."

"సందులో మాయమ్మ ఉంది గదా. ఆమెనెక్కడ రాసినావు?"

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆవిడ నన్ను చూసిన చూపు నాకు కొత్త కాదు. పంతొమ్మిదేళ్లుగా ఈ మందిరంలోకి వచ్చినవాళ్లందరినీ నేను అలాగే చూశాను.

"ఏం పేరు?" అని అడిగాను. నలభై రోజులుగా ఆ మాట అడగలేదు.

"ఎర్నమ్మ."

పన్నెండో రోజు వరుసలో మూడు జానలు అన్నది కొట్టేసి, సర్దుబాటు గడిలో ఎర్నమ్మ అని రాశాను. చేతిరాత వంకరగా వచ్చింది. పైడమ్మ పేజీలు వెనక్కి తిప్పింది, పోయిన చలికాలం, అంతకు ముందుది, ఇంకా ముందుది.

"ఒక్క మాయమ్మేననుకున్నావేటి" అంది.

ఇంకా పదమూడు గడులున్నాయి. రేపు సొరంగంలో నడిచి వెలిచేను వెళ్లాలి. ఇంటింటికీ అడగాలి.